మెప్పించారు సరే, ఒప్పించారా?

మొన్న శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున్న, పేపరు ముందేసుకుని రెండో కాఫీ కోసం మా ఆవిడ మొహం కనిపెడుతూ కూచున్నాను. అంతలో మా మనవరాలు సెల్‌ఫోను పట్టుకుని వచ్చి ఎదురుగా కూచుంది. రాజమండ్రిలోనే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఏదో అవసరం ఉంటే తప్ప నా ఎదురుగా కూచునే అలవాటు ఆ పిల్లకి లేదు.

"తాతయ్యా, కాలేజీ రోజుల్లో నువ్వు ఉపన్యాసాల్లో ఫస్టు వచ్చేవాడివట గదా?"

నిజం చెప్పాలంటే నేను ఫస్టు వచ్చింది ఒక్కసారే. కాని ఆ ఒక్కసారినే యాభై ఏళ్ళుగా యాభై విధాల చెప్పుకుంటూ వచ్చిన పాపం నాదే గనక, బుద్ధిగా తలూపాను.

"వచ్చే శుక్రవారం క్లాసులో అయిదు నిమిషాలు మాట్లాడాలి. పర్సుయేసివ్ స్పీచి. అంటే వినేవాళ్ళని ఒప్పించాలన్నమాట. పది మార్కులు. ఫోన్ని అడిగితే అరనిమిషంలో రాసిచ్చేసింది. నువ్వు కాస్త చూసి పెట్టు."

చూశాను. 'చెట్లను పెంచుదాం, భూమిని కాపాడుకుందాం' అని మకుటం. ఇంగ్లీషు దివ్యంగా ఉంది. ఒక్క తప్పు లేదు. ఒక్క ప్రాణమూ లేదు.

"మీ క్లాసులో ఎంతమందే?"

"యాభైమంది."

"వాళ్ళలో చెట్లు నరికెయ్యాలనేవాళ్ళు ఎంతమంది?"

"అలాంటివాళ్ళు ఎవరుంటారు తాతయ్యా!"

"మరి నువ్వు ఎవర్ని ఒప్పించబోతున్నట్టు?"

ఆ పిల్ల నాకేసి జాలిగా చూసింది. "ఒప్పించడం ఏవిటి? మార్కులు వెయ్యాలి గాని!"

అదిగో, అక్కడ వచ్చింది నాకు కోపం. ఆ కోపంతోటే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మార్కుల కాయితం ఇలా చూపించమ్మా అన్నాను. చూపించింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడినందుకు రెండు. చేతులు తిప్పినందుకు రెండు. ఉచ్చారణకి రెండు. సమయం మించకుండా ముగించినందుకు రెండు. కాయితం చూడకుండా మాట్లాడినందుకు రెండు. మొత్తం పది. విన్నవాళ్ళలో ఒక్కడైనా మనసు మార్చుకున్నాడా అనేదానికి సున్న! అసలు ఆ గడే లేదు. పెళ్ళి భోజనానికి పిలిచి విస్తరాకు నునుపుకి రెండు, మంచినీళ్ళ గ్లాసు మెరుపుకి రెండు మార్కులు వేసి, అన్నం ఉడికిందో లేదో చూడనట్టుంది వ్యవహారం.

మన తెలుగులో చక్కటి మాటలు రెండున్నాయి. మెప్పించడం ఒకటి, ఒప్పించడం ఇంకొకటి. చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయి గాని వాటికీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. మెప్పు చప్పట్లతో మొదలై చప్పట్లతోనే ఆఖరైపోతుంది. ఒప్పుదల అలా కాదు. సభ అయిపోయి, ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని పీటమీద కూచున్నాక కూడా లోపల ఎక్కడో ముల్లులా కెలుకుతుంది. 'వాడన్నదాంట్లో నిజం ఉంది సుమా' అని, ఇష్టం లేకపోయినా అనిపిస్తుంది. మన కాలేజీలు పిల్లలకి నేర్పుతున్నది మొదటిది. పేరు పెడుతున్నది రెండోదానిది. ఇది మోసం కాదంటారా?

ఈ మోసం సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళుండరు. ఎందుకంటే ఆ ఒక్క ఫస్టు ప్రైజూ నాకు అలాగే వచ్చింది.

1973లో మాట. మా కాలేజీలో వక్తృత్వపు పోటీ పెట్టారు. విషయం 'వరకట్న దురాచారం'. ఉపన్యాసం మా మేష్టారొకాయన రాసిచ్చారు. పదిరోజులపాటు సాయంత్రం పూట పుష్కరాల రేవు మెట్లమీద నిలబడి, అవతలి ఒడ్డు కొవ్వూరుకి వినబడేట్టు వల్లెవేశాను. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, 'ఓ యువకులారా!' అన్నప్పుడు కుడిచెయ్యి ఎంత పైకి లేవాలో అన్నీ మేష్టారు కొలతవేసి చెప్పారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం సెక్షన్లతో సహా గడగడా అప్పజెప్పాను. హాలు చప్పట్లతో మారుమోగింది. వెనక బెంచీ ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారని మా స్నేహితుడొకడు చెప్పాడు. బహుమతి స్టీలుగ్లాసు. దానిమీద చుక్కలు చుక్కలుగా 'వక్తృత్వము – ప్రథమ బహుమతి' అని చెక్కించి ఇచ్చారు.

1977లో నాకు పెళ్ళి కుదిరింది. పిల్లది కోనసీమ. అరుగుమీద చాప పరిచి పెద్దలు కూచున్నారు. మా నాన్నగారు ఎనిమిదివేలన్నారు. మా మామగారు అయిదన్నారు. బేరం ఏడువేలకీ, ఒక రిస్టువాచీకీ తెగింది. అంతసేపూ నేను గుమ్మం అవతల నిలబడి వింటూనే ఉన్నాను. చట్టం సెక్షన్లు అప్పటికీ నోటికి వచ్చు. నోరు మాత్రం రాలేదు. మా మామగారు ముప్పావెకరం కొబ్బరితోట అమ్మి ఆ డబ్బు కట్టారని పెళ్ళయిన ఏడాదికి గాని నాకు తెలియలేదు.

హాల్లో మూడువందలమందిని ఏడిపించినవాణ్ణి, అరుగుమీద ఉన్న ఒక్క మా నాన్నగారితో ఒక్కమాట అనలేకపోయాను. ఏమంటే ఆ ఉపన్యాసం నన్నే ఒప్పించలేదు. నన్ను ఒప్పించాలని దాన్ని ఎవరూ రాయలేదు. మెప్పు కోసం రాశారు, మెప్పు వచ్చింది, గ్లాసు ఇచ్చారు, సరిపోయింది!

ఆ గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా ఆవిడ దాంతో బియ్యం కొలుస్తుంది. ఏభై ఏళ్ళకు దగ్గరపడుతున్న కాపరంలో ఆ సంగతి ఆవిడ ఎత్తింది ఒకే ఒక్కసారి. "ఆ చేత్తో ఊపిన ఊపులో ఒక్కటి మా నాన్న తరఫున ఊపుంటే ఆ తోట ఉండేదండీ" అంది, బియ్యం పోస్తూ. ఆ మాటకి జవాబు నేను ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను. అన్నట్టు, ఒప్పించే ఉపన్యాసం ఎలా ఉంటుందో నాకు మొదట తెలిసింది కూడా ఆ రోజే. రెండు వాక్యాలు. చేతులు తిప్పింది లేదు. నా కళ్ళలోకి చూసిందీ లేదు.

ఇహ శాస్త్రం దగ్గరికి వద్దాం. మా మనవరాలి పాఠ్యపుస్తకంలో ఈ విద్యకి అయిదు మెట్లు చెప్పారు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మన్రో అనే ఆచార్యుడు 1930ల్లో కట్టిన మెట్లు అవి. మొదట వినేవాడి దృష్టి లాగాలి. తరవాత వాడికో బాధ ఉందని గుర్తుచెయ్యాలి. ఆ బాధకి మందు చూపించాలి. మందు వాడితే రేపెలా ఉంటుందో కళ్ళకి కట్టించాలి. ఆఖర్న, 'ఇదిగో, ఈ పని చెయ్యి' అనాలి. మంచి పద్ధతే. నేను కాదనను. కాని చదువుతుంటే ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉందే అనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు గోదావరి స్టేషను దగ్గర ఒకతను పళ్ళపొడి అమ్మేవాడు. బుట్టలో పాము, పక్కన తాడుకి కట్టిన ముంగిస. 'ఇప్పుడు పాముకీ ముంగిసకీ పోట్లాట' అని డప్పు కొట్టేవాడు. అది మొదటిమెట్టు. 'రాత్రి పన్ను సలిపి గోడకేసి తలకొట్టుకున్న బాబు ఎవరైనా ఉన్నారా?' రెండోమెట్టు. పొట్లం పైకెత్తి చూపేవాడు. మూడు. 'రేపు పొద్దున్న చెరుకుగడ పరపరా నవలచ్చు!' నాలుగు. 'పావలా తియ్యండి బాబూ!' అయిదు. మన్రోగారి పుస్తకం అతను చదివి ఉండడు. పాముకీ ముంగిసకీ పోట్లాట మాత్రం నా చదువు పూర్తయ్యేదాకా జరగలేదు.

కాని ఆ పళ్ళపొడి మనిషికీ మన విద్యార్థికీ ఒక తేడా ఉంది. జనం ఒప్పుకోకపోతే అతనికి ఆ పూట అన్నం లేదు. అంచేత ఎదుట నిలబడ్డవాళ్ళలో ఎవడి మొహంలో అనుమానం ఉందో చూసుకుని, ఆ అనుమానానికే జవాబు చెప్పేవాడు. మన విద్యార్థికి ఎవడు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా మార్కులు వస్తాయి. అందుకే వీడు గోడకేసి చూసి మాట్లాడతాడు. దాన్ని సరిదిద్దడానికి 'కళ్ళలోకి చూడు, రెండు మార్కులు' అన్నారు. రోగం ఒకచోట, పట్టీ ఇంకొకచోట!

'పోనీ అంత చెబుతున్నారు, ఒప్పించినవాళ్ళు ఎవరున్నారు చెప్పండి' అంటారేమో. అందుకు అమెరికా దాకా ఎందుకండీ, ఈ గోదావరి గట్టు చాలదూ?

కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో 1879లో వితంతు వివాహాల గురించి ఉపన్యసించారు. ఎవరి ఎదట? ఆ మాట వింటేనే చెవులు మూసుకునేవాళ్ళ ఎదట. శాస్త్రం ఒప్పదు అన్నవాళ్ళకి శాస్త్రంలోంచే జవాబు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. 1881 డిసెంబరు 11న తన ఇంట్లోనే మొదటి పెళ్ళి జరిపించారు. ఊరు వెలేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. శిష్యులు అండగా నిలబడ్డారు. ఉపన్యాసం ఆయనదే, కాదనను. కాని దాన్ని జనం నమ్మింది ఆవిడ చంకన బిందె చూశాక. 1973లో నా ఉపన్యాసం వెనక అలాంటి బిందె ఏదీ లేదు. గ్లాసు ఒక్కటే ఉంది.

రెండోది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయనకి సరిగా వినపడదు. సవరల భాష నేర్చుకోవడానికి అడవుల్లో తిరిగితే మలేరియా పట్టింది. దానికి వాడిన క్వినైను చెవులు తీసేసింది. అలాంటి మనిషి 1925లో మన తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు మాట్లాడారు. పుస్తకాల్లో వాడుకభాష రాయకూడదనే పండితుల మధ్య నిలబడి, పెద్దలు గౌరవించే గ్రంథాల్లోంచే ప్రయోగం మీద ప్రయోగం ఎత్తి చూపించారు. ఆఖరికి సభ ఆయన వాదానికి అనుకూలంగా తీర్మానించింది. నాలుగు గంటలంటే సమయం మించినందుకు మా మనవరాలి కాలేజీలో రెండు మార్కులు కోసేద్దురు!

చిత్రం చూడండి. చెవులు పనిచెయ్యని ఆ పెద్దమనిషి ఎదుటిపక్షం మాట విన్నంతగా ఇంకెవరూ విని ఉండరు. వాళ్ళ పుస్తకాలన్నీ చదివారు. గ్రాంథికమే రాయాలనే పండితులు ఆ గ్రాంథికాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని చూపించడానికి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అని ఒక గ్రంథమే రాశారు. వీరేశలింగంగారంతటివారు కూడా మొదట గ్రాంథికంలో పేరు తెచ్చుకున్నవారే. ఆయనే 1919లో, తన ఆఖరి రోజుల్లో, రాజమండ్రిలో పెట్టిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. ఊరందర్నీ ఒప్పించిన మనిషి, డెబ్భై ఏళ్ళ వయసులో తాను ఇంకొకరి మాటకి ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం కూడా ఈ విద్యలో భాగమేనని ఏ పాఠ్యపుస్తకమూ రాయదు.

మూడోది, రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి. గాంధీగారు 1921లో కాకినాడ వచ్చినప్పుడు ఆ పిల్లకి ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. ఆయన దేవదాసీలతోనూ, ఘోషా స్త్రీలతోనూ మాట్లాడాలని ఆ పిల్ల పట్టుబట్టింది. నిధికి అయిదువేల రూపాయలు పోగుచేస్తేనే అన్నారు పెద్దలు. పోగుచేసింది. గాంధీగారు హిందీలో మాట్లాడుతుంటే తెలుగు చేసి చెప్పింది. అంతకు ముందు 1907లో బిపిన్ చంద్రపాల్‌గారు రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో ఉపన్యసిస్తే తెలుగు చేసి చెప్పినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆ ఊపులోనే కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం అన్నారు. ట్రైనింగు కాలేజీ విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ ఏడే కాలేజీనుంచి బహిష్కరణకి గురయ్యారు. అంతటి వక్తలకే ఈ గడ్డమీద జనం గుండెదాకా వెళ్ళడానికి ఒక తెలుగు నోరు కావలసి వచ్చింది. మరి ఇవాళ మన పిల్లలు, తెలుగువాళ్ళ ఎదట, తెలుగువాళ్ళ సంగతి మాట్లాడుతూ, నడుమ ఒక్క తెలుగు ముక్క దొర్లితే మార్కు పోతుందని బిక్కచచ్చిపోవడం ఏం న్యాయం?

సరే, పూర్వపక్షం కూడా చెప్పాలి. మన తర్కంలో అది మర్యాద. ఎదుటివాడి మాట వాడే చెప్పినంత బాగా మొదట చెప్పి, ఆ తరవాతే మన సిద్ధాంతం చెప్పాలి.

'ఏవండీ పంతులుగారూ, అయిదు నిమిషాల క్లాసు వ్యవహారానికి ఇంత రాద్ధాంతమా? ఆ పిల్లలు నలుగురి ముందు నోరు విప్పడమే గొప్ప. ముందు బెరుకు పోవాలి. రేపు ఉద్యోగానికి వెళితే ఇంగ్లీషులో మాట్లాడమంటారు. యాభైమందికి మార్కులు వెయ్యవలసిన లెక్చరరు మనసులు మారాయో లేదో ఏ తక్కెడలో తూస్తుంది?' అంటారు.

బెరుకు సంగతి ఒప్పుకుంటాను. నేను పాతికేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, పంద్రాగస్టు పోటీలకి న్యాయనిర్ణేతగా కూచున్నవాణ్ణి. మైకు ముందు కాళ్ళు వణికిన పిల్లల్ని బోలెడుమందిని చూశాను. కాని ఒక్కటి గమనించాను. బట్టీపట్టినవాడికి భయం ఎక్కువ. ఒక్కమాట మరిచిపోతే తరవాతిది రాదు. తనకి నిజంగా పట్టిన విషయం మాట్లాడేవాడు, ఆ మాట కాకపోతే ఇంకోమాటతో లాక్కొస్తాడు. ఇంగ్లీషు కావాలి, నేర్చుకోవలసిందే. అది ఉచ్చారణ క్లాసులో నేర్పండి. ఒప్పించడమనే దానికి దీన్ని ముసుగు వెయ్యకండి. ఇక తక్కెడ సంగతి. తక్కెడ ఉంది. చాలా చవక. అది చివర్న చెబుతాను.

మా గోదావరివాళ్ళకి పులస చేప కథ తెలియనిది కాదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలసే. వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే దానికి ఆ రుచి, ఆ పేరు, ఆ ధర. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారంటే ఆ ఎదురీతకే. ఐసుపెట్టెలో వచ్చిన విలసని పులస అని అంటగట్టేవాళ్ళు కూడా ఉన్నారనుకోండి. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది. ఉపన్యాసమూ అంతే. కాదనేవాడి మాటకి ఎదురీదని ఉపన్యాసం, ఎంత మసాలా దట్టించినా విలసే.

ఈ మాటే మా మనవరాలికి చెప్పాను. "అయితే నువ్వే చెప్పు, ఏ విషయం మాట్లాడను?" అంది చిరాగ్గా.

"మీ క్లాసులో సగంమంది కాదనే విషయం ఏదైనా ఉందా?"

కాసేపు ఆలోచించింది. వాళ్ళ స్నేహితురాలొకతె లంక ఊరినుంచి పడవ దాటి కాలేజీకి వస్తుంది. వానాకాలం వస్తే మొదటి పీరియడు అందదు. హాజరు తప్పుతుంది. తక్కువైతే పరీక్షకి జరిమానా కట్టాలి. 'లంకవాళ్ళు పొద్దెక్కి లేచి పడవ మీదకి నెడతారు' అని క్లాసులో ఎగతాళి. "దీనిమీద మాట్లాడితే సగంమంది నామీద పడతారు తాతయ్యా" అంది.

"అయితే అదే నీ విషయం."

సోమవారం చీకటితోనే లేచి ఆ పిల్లతో రేవు దాటి వచ్చింది మా మనవరాలు. గడియారం చూసి రాసుకుంది. ఇంటి గుమ్మంనుంచి క్లాసు గుమ్మానికి గంటా నలభై నిమిషాలు. అందులో ముప్ఫై అయిదు నిమిషాలు రేవులో నిలబడడమే. పడవ నిండితే గాని కదలదు. మంగళవారం, కాదనేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎందుకు కాదంటున్నారో అడిగింది. మూడు కారణాలు చెప్పారు. ఒకటి, బద్ధకం. రెండు, ఒకళ్ళకి సడలిస్తే అందరూ అడుగుతారు. మూడు, అంత కష్టమైతే హాస్టల్లో ఉండచ్చు కదా? మూడోదానికి మావాళ్ళ దగ్గర జవాబు లేదు. స్నేహితురాల్నే అడిగితే, పొద్దున్నే రెండు గేదెల పాలు పితికి పాలకేంద్రానికి పోసి వస్తే గాని ఇల్లు గడవదంది. "చెప్పు గాని నా పేరు మటుకు చెప్పకు" అంది.

గురువారం రాత్రి మా ఎదట చదివి వినిపించింది. నేను బాగుందన్నాను. మా ఆవిడ వత్తులు చేసుకుంటూ, "వరద రోజులంటే సరేనే. మరి వరద లేని రోజు ఆలస్యమైతే ఏం చెబుతావు?" అంది. అది నిజమే. కూచుని మళ్ళీ రాసింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఉన్న రోజుల్లో లంక పిల్లలకి హాజరు తియ్యకూడదు. మామూలు వానాకాలం రోజుల్లో మొదటి పీరియడు హాజరు మొదట్లో కాక చివర్లో పిలవాలి. అందరికీ అదే రూలు. అప్పుడు ఒకళ్ళకి సడలించారన్న మాటా ఉండదు. కోరింది ఇంతే.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి సంచీ విసిరేసింది. "ఆరు మార్కులు!" అంది. కాయితం రెండుసార్లు చూసిందట. చేతులు కదపలేదట. నలభై సెకన్లు ఎక్కువైందట. గేదెల సంగతి దగ్గర మూడు వాక్యాలు తెలుగులో వచ్చేశాయట. చెట్ల గురించి మాట్లాడిన కుర్రాడికి తొమ్మిది.

"సరే, చేతులెత్తించావా?"

ఎత్తించింది. మాట్లాడక ముందు ఆ పిల్లవైపు పధ్నాలుగు చేతులు. అయ్యాక ముప్ఫై ఒకటి. బద్ధకం అన్న కుర్రాడు లేచి, "పడవ నిండకపోతే ఎంతసేపు ఆగుతారు?" అని అడిగాడట. జవాబు విని మాట్లాడకుండా కూచున్నాడట. చెయ్యి మాత్రం ఎత్తలేదట. ఎత్తనక్కరలేదు. అడిగాడు చూశారూ, అది చాలు.

ఆ లెక్చరరమ్మగారిని నేను తప్పుపట్టను. మార్కుల కాయితం ఆవిడ తయారుచేసింది కాదు. పైగా సోమవారం నుంచి ఆవిడ తన పీరియడులో హాజరు చివర్న పిలవడం మొదలుపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఉపన్యాసం మాట ఎత్తలేదు. మార్కులు ఆరు దగ్గరే ఉన్నాయి.

అంచేత కాలేజీవారికి నా మనవి మూడు ముక్కలు. ఒకటి: క్లాసులో ఒక్కడూ కాదనని విషయం మీద ఈ ఉపన్యాసం పెట్టనివ్వకండి. రెండు: కాదనేవాడి వాదం ముందు చెప్పించండి. 'అవును, నేనన్నది ఇదే' అని వాడు ఒప్పుకునేట్టు చెప్పాలి. ఆ తరవాత వాణ్ణి రెండు ప్రశ్నలు అడగనివ్వండి. మూడు: ముందోసారి, వెనకోసారి చేతులెత్తించి లెక్కపెట్టండి. ఇదే నేను చెప్పిన తక్కెడ. కాణీ ఖర్చు లేదు. పదింట అయిదు మార్కులు వీటికి ఉంచి, మిగతా అయిదూ మీ ఇష్టం వచ్చినట్టు చేతులకీ కళ్ళకీ పంచుకోండి.

ఇది చదివి మా ఆవిడ, "అన్నీ బాగానే రాశారు గాని, ఆ తోట సంగతి అందరికీ చెప్పడం ఎందుకండీ?" అంది. ఒప్పించేవాడి దగ్గర ముందు వాడి లెక్క సరిగా ఉండాలి గదా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసు తీసుకుని బియ్యం కొలవడానికి లోపలికి వెళ్ళింది. ఒప్పుకుందో లేదో నాకు తెలియలేదు.

మీరు ఒప్పుకోకపోతే మటుకు కార్డు ముక్క రాయండి. ఎక్కడ ఒప్పుకోలేదో, ఎందుకు ఒప్పుకోలేదో వివరంగా రాయండి. 'వ్యాసం బాగుంది' అని మాత్రం రాయకండి.